తెరచాప దించిన తరువాత

మన సంఘం పిల్లలకు నేను చాలాకాలంగా ‘పడవ మామయ్య’ను. ఉగాది సభలో ఎదురైతే, నా పేరు గుర్తుకు రాని పెద్దవాళ్ళు కూడా “ఈ ఆదివారం గాలి ఎలా ఉందండీ?” అని పలకరించేవారు. ముప్పై నాలుగేళ్ళపాటు వారం వారం చెన్నై హార్బరులో తెరచాప పడవ నడిపినవాణ్ణి కనుక ఆ పలకరింపుతో నాకు కడుపు నిండేది. ఈమధ్య అది మారింది. “మీరు కూడా మోటారు పడవలోకి దిగారటగా!” అంటున్నారు. ఆ ‘కూడా’ దగ్గర కాస్త నొక్కి మరీ అంటున్నారు, మడి కట్టుకునే మనిషి మిలిటరీ హోటల్లో కనిపించినట్టు. ఆ కథేమిటో రాసి ఇమ్మని సంపాదకులు అడిగారు.

ముందు తెరచాప సంగతి చెప్పాలి. తరాలుగా ఇక్కడ ఉంటున్న మనవాళ్ళలో చాలామందికి ఈ ఊళ్ళో తెరచాప పడవలు ఉన్నాయనే తెలియదు. మెరీనాలో సుండల్ తింటూ సముద్రం వైపు చూస్తాం, దూరంగా లంగరు వేసిన ఓడలు లెక్కపెడతాం, ఇంటికి వచ్చేస్తాం. రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911లో పుట్టింది. పోర్టు ప్రహరీ లోపల, సరుకు ఓడల నీడలో, చిన్న చిన్న చాపలు ఎగరేసుకునే చోటు అది. పిల్లలకు నేర్పడానికి తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ ఉంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించి, సెయిలింగులో ఆ ఘనత సాధించిన మొదటి భారతీయ మహిళగా నిలిచిన నేత్రా కుమనన్ ఈ ఊరి అమ్మాయే. 2024లో పారిస్‌కూ వెళ్ళింది.

నా పడవ ‘ఎంటర్‌ప్రైజ్’ అనే రకం. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ అనే ఆయన గీసిన నమూనా. పదమూడు అడుగుల పైచిలుకు పొడవు, నీలం రంగు చాపలు రెండు, మనుషులు ఇద్దరు. వెనక కూర్చున్నవాడు చుక్కాని, పెద్ద చాప చూసుకుంటాడు. ముందున్నవాడు ముందు చాప తాడు పట్టుకుని, గాలి ఎక్కువైనప్పుడు అడుగున ఉన్న పట్టీల్లో పాదాలు ఇరికించి, వెన్ను నీళ్ళకు తగిలేదాకా పడవ బయటికి వాలిపోతాడు. అతని బరువే తూకం. ఆ తూకం తప్పితే ఇద్దరూ నీళ్ళలో ఉంటారు.

“గాలికి ఎదురు పోగలరా?” అని చాలామంది అడుగుతారు. నేరుగా పోలేం. గాలి వచ్చే దిక్కుకు సుమారు 45 డిగ్రీలు పక్కగా కొంతదూరం పోయి, అక్కడ తిరిగి రెండో పక్కగా మరికొంతదూరం పోయి, ఇలా పాము నడకతో ఎదురెళతాం. పడవ అడుగునుంచి నీళ్ళలోకి దిగే పలక ఒకటి ఉంటుంది. గాలి పక్కకు తోసేస్తుంటే ఆ పలక ఒప్పుకోదు. ఆ పెనుగులాటలో పడవ ముందుకు పోతుంది. మనం ‘ఏదో గాలివాటంగా జరిగిపోయింది’ అంటే, ప్రయత్నం లేకుండా జరిగిందని అర్థం. ఆ మాట పుట్టించినవాడు ఏనాడూ చాప తాడు పట్టుకుని ఉండడని నా అనుమానం.

ఇక ఈ ఊరి గాలులు. తమిళంలో దిక్కుకొక పేరు ఉంది. ఉత్తరపు గాలి వాడై, దక్షిణపుది తెండ్రల్, తూర్పుది కొండల్, పడమటిది కోడై. మన తెమ్మెర ఆ తెండ్రల్‌కు దగ్గరి చుట్టమే అనిపిస్తుంది నాకు. ఎండాకాలం పొద్దున్నే పడమటి వేడిగాలి మొహం మాడ్చేస్తుంది. మధ్యాహ్నం అవుతుండగా ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది, చాపలు వేలాడతాయి, ఆ తరువాత ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి నీటి మీద ముదురు రంగు చారలా నడిచి వస్తుంది. ఊళ్ళో జనం ఫ్యాను కింద కూర్చుని ‘అమ్మయ్య, గాలి తిరిగింది’ అనుకునే వేళకు అరగంట ముందే ఆ చారను మేం చూసేవాళ్ళం. అక్టోబరు వస్తే ఈశాన్యం, తుపానుల భయం. ఆ రోజుల్లో పడవలు ఒడ్డెక్కించి తాళ్ళతో కట్టేసేవాళ్ళం.

మాది కాకినాడ దగ్గర తాళ్ళరేవు ప్రాంతం. ఊరి పేరులోనే రేవు ఉంది. నా చిన్నతనంలో అక్కడ కొయ్య ఓడలు కట్టేవారు. చెట్టు దుంగలు, కొబ్బరి పీచు, దూగరం వాసన నాకు ఇప్పటికీ గుర్తు. పక్కనే కోరంగి. ఒకప్పుడు పెద్ద ఓడరేవు, 1839 నవంబరు తుపానులో సముద్రం మీదపడి సర్వనాశనమైంది. అయినా రంగూన్‌లో తెలుగువాళ్ళకు ‘కోరంగీలు’ అన్న పేరు మాత్రం నిలిచిపోయింది. అంతకు ముందు మాట కావాలంటే శాతవాహనుల నాణేల మీద రెండు తెరకొయ్యల ఓడ బొమ్మ ఉంది. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారట, తాను అలా చెయ్యననీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ సముద్ర వ్యాపారులకు ఆ రాజు మాట ఇచ్చాడు. ఆ రాతిని చూసినప్పుడు, సముద్రం మీద మనిషి ఎంత దిక్కులేనివాడో తెలిసినవాడు రాయించిన మాట అది అనుకున్నాను.

తరువాత ఆవిరి ఓడలు వచ్చాయి. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు కాకినాడ నుంచి, విశాఖ నుంచి మన కూలీలను బర్మాకు మోసుకుపోయాయి. తెరచాపల బేరం సన్నగిల్లింది. 1948 మార్చిలో విశాఖపట్నంలో నెహ్రూగారు నీళ్ళలోకి దింపిన ‘జల ఉష’ కూడా ఆవిరి ఓడే. కనుక మనవాళ్ళు చాప దించి మర ఎక్కడం నాతో మొదలు కాలేదు. అన్నట్టు, ఎదురు దిక్కుగా పోయినవాళ్ళూ ఉన్నారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన నౌకాదళపు ‘తారిణి’, తెరచాపలతోనే భూమిని చుట్టింది. అందులోని ఆరుగురు మహిళా అధికారుల్లో ఇద్దరు మన తెలుగు పిల్లలు, విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య.

మా ఊరి చేపలవాళ్ళ కథ నా కళ్ళముందే జరిగింది. నేను మొదట పడవ ఎక్కిన 1988లో ఈ తీరం మీద చాప కట్టిన కట్టుమరాలు ఇంకా కనిపించేవి. నాలుగైదు తేలిక దుంగలు తాళ్ళతో కట్టిన తెప్ప, దాని మీద ఒక ముక్కోణపు చాప. ఒడ్డుకు రాగానే తాళ్ళు విప్పి దుంగలు ఇసుకలో ఆరబెట్టేవారు. ఇంగ్లీషువాళ్ళ ‘క్యాటమరాన్’ ఈ మాటే. తెల్లవారుజామున నేల మీదినుంచి వీచే గాలితో లోపలికి పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఒడ్డుకు వచ్చేవారు. ఆకాశం కట్టిన టైము టేబులు అది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ‘బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం’ 1979లో ఈ ఊరినుంచే పని మొదలుపెట్టింది. అలల్లోంచి ఒడ్డెక్కగల ఇంజను పడవలను మన ఆంధ్ర తీరంలోనూ వాళ్ళు ప్రయత్నించి చూశారు. మెల్లగా మార్పు వస్తుండగా 2004 డిసెంబరు 26 వచ్చింది. సునామీలో పోయిన తెప్పల స్థానంలో సర్కారూ, సేవాసంస్థలూ ఫైబర్ పడవలు ఇచ్చాయి. ఆ తరువాత చాప దాదాపు మాయమైంది.

అది మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి ఆదివారం సరదాకి పడవ నడిపే నేనెవర్ని? ఒక మాట మాత్రం చెప్పగలను. గాలి తన కూలిని సమయంలో తీసుకునేది, పెట్రోలు, డీజిలు డబ్బులో తీసుకుంటాయి. చేప పడని రోజున గాలికి బాకీ ఉండేది కాదు.

ఇప్పుడు నా సంగతి. ముందున్నవాడి బరువే తూకం అన్నాను కదా. 1993 నుంచి ఆ ముందున్నవాడు ఒక్కడే. మైలాపూరు మనిషి, నాకంటే మూడేళ్ళు చిన్న. నన్ను ‘అన్నా’ అంటాడు, నేను ‘తంబీ’ అంటాను. అతని తెలుగు సినిమా పాటల తెలుగు, నా తమిళం ఆటోవాళ్ళతో బేరమాడే తమిళం. పడవలో మాటలు అంతగా అక్కరలేదు. నేను చుక్కాని కదిలించేలోపే అతని నడుం కదిలేది.

2021లో ఓ ఆదివారం, పడవ ఎడమ పక్కకు మళ్ళినప్పుడల్లా ముందు చాప రెపరెపలాడడం మొదలుపెట్టింది. తాడు బిగి నిలవడం లేదు. మరుసటి వారం కూడా అంతే. మూడో వారం ఒడ్డున టీ తాగుతుంటే అతని ఎడమ చేతిలో గ్లాసు టేబులు మీద టకటకా కొట్టుకుంది. ఇద్దరం చూశాం, ఇద్దరం ఏమీ అనలేదు. కొన్ని నెలలకు డాక్టరు పార్కిన్సన్స్ అని తేల్చారు. నడవమన్నారు, వ్యాయామం చెయ్యమన్నారు, తూకం మీద ఆధారపడే పని ఏదీ వద్దన్నారు. మా పడవలో తూకం తప్ప ఇంకేం ఉంది?

ఆ ఏడు ఒక ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు నాతో ముందు కూర్చున్నాడు. చురుకైనవాడు, నా ప్రాణానికి హాయిగా పందేలు కూడా గెలిచాం. తంబి మాత్రం ప్రతి ఆదివారం వచ్చి గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మేం తిరిగి వచ్చాక “మూడో మలుపులో తాడు ఆలస్యంగా లాగాడు” అని ఆ కుర్రాడికి చెప్పేవాడు. తరువాత రావడం మానేశాడు. ఒకరోజు అతని భార్య ఫోను చేసింది. “అన్నయ్యా, ఆదివారం వస్తే ఆయన్ని ఇంట్లో చూడలేకపోతున్నాను, కిటికీ దగ్గర నిలబడి చెట్టు కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూస్తూ ఉంటారు” అంది.

ఆ రాత్రి మా ఆవిడతో అన్నాను, మోటారు పడవ కొందామని. ముప్పై ఏళ్ళుగా ‘ఆ డబ్బుతో రెండు ఫ్లాట్లు వచ్చేవి’ అంటున్న మనిషి, ఆ ఒక్కసారి ఏ లెక్కా అడగలేదు. “దానికి వీపు ఆనించుకునే సీటు ఉంటుందా?” అని మాత్రం అడిగింది.

ఉంది. పద్దెనిమిది అడుగుల ఫైబర్ పడవ, నలభై గుర్రాల ఫోర్ స్ట్రోక్ ఇంజను, చేతులు మారినది. 2022లో తంబి సగం, నేను సగం పెట్టి కొన్నాం. ఎంటర్‌ప్రైజ్‌ను ఆ కాలేజీ కుర్రాడికే ఇచ్చేశాను. ఏరు దాటి తెప్ప తగలేసినవాడన్న పేరు రాకుండా కొత్త తాళ్ళు కూడా వేయించి ఇచ్చాను.

తెరచాప తెలిసినవాడికి మోటారు పడవ సులువు అనుకుంటారు. నీళ్ళు ఒక్కటే, తక్కినదంతా వేరు. తెరచాప పడవ ఒక పక్కకు ఒరిగి, చాప మీద గాలి బరువుతో నిలకడగా ఉంటుంది. మోటారు పడవ ఆగితే చాలు, ఉయ్యాలలా అటూ ఇటూ దొర్లుతుంది. జన్మలో కడుపులో తిప్పని నాకు మొదటి నెల తిప్పింది. వేగం పెంచితే ముందు ముక్కు ఆకాశానికి లేస్తుంది, ఇంకాస్త పెంచితే పడవ నీళ్ళను చీల్చడం మాని నీటి పైన జారడం మొదలుపెడుతుంది, అప్పుడు ముక్కు దిగుతుంది. ఆ మధ్య అంతరంలో నడిపితే పెట్రోలు తాగుతుంది, పని జరగదు. మా పాత పడవ నాలుగైదు నాట్ల మీద పోతే పండగ, ఇది పద్దెనిమిది పోతుంది. నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. మహాబలిపురానికి మంచి గాలి ఉంటే పొద్దంతా పట్టేది. ఇప్పుడు రెండు గంటల లోపు.

కానీ చాప పడవకు ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటి దీన్ని అడగాలి, తిరిగి రావడానికి ఉందా అని. మూడో వంతుల లెక్క పెట్టుకున్నాం. పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మూడో వంతు ముట్టుకోకూడదు. ఇంజను ఆపే తాడు కొస నడిపేవాడి ఒంటికి తగిలించి ఉండాలి, అతను నీళ్ళలో పడితే ఇంజను దానంతటదే ఆగిపోతుంది. లైఫ్ జాకెట్లు వేసుకోవాలి, సీటు కింద దాచుకోకూడదు. కోస్టు గార్డు వారి 1554 నంబరు పడవలో పెద్ద అక్షరాలతో అంటించాం. వచ్చాక ఇంజను లోపలి ఉప్పు పోయేలా మంచినీళ్ళు పట్టించాలి. 2019 ఎద్దడిలో బిందె నీళ్ళ కోసం లారీ వెనక పరిగెత్తిన మా ఆవిడ, “మనుషులకు లేకపోయినా ఇంజనుకు స్నానం” అని ఇప్పటికీ దెప్పుతుంది.

చాలా కష్టపెట్టినది మర్యాద. సముద్రం మీద దారి నియమాలు అన్ని దేశాలకూ ఒక్కటే, 1972లో కుదిరిన ఒప్పందం. మోటారు పడవ తెరచాప పడవకు దారి ఇవ్వాలి. తెరచాప పడవ వల వేసినవాళ్ళకు దారి ఇవ్వాలి. తెరచాప పడవే వెనకనుంచి వచ్చి దాటిపోతుంటే మాత్రం అదే తప్పుకోవాలి. ఇన్నేళ్ళూ దర్జాగా దారి తీసుకున్నవాణ్ణి ఇప్పుడు ఇచ్చేవాణ్ణి అయ్యాను. ఓడలు బండ్లవుతాయంటారే, అది. పిల్లల చిన్న ఆప్టిమిస్టు పడవలు కనిపిస్తే మేం ఇంజను వేగం తగ్గించి చుట్టు తిరిగి పోతాం. మా అలకు వాళ్ళు బోర్లాపడకూడదు. వలల మీదినుంచి స్పీడు బోటు ఉరికించే షోకిల్లారాయుళ్ళను చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వల ఒక ఇంటి అప్పు.

పార్కిన్సన్స్‌లో ఒక చిత్రం ఉంది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వచ్చే వణుకు, ఆ చేతికి పని చెబితే చాలామందిలో తగ్గుతుందట. డాక్టరు చెప్పినప్పుడు తల ఊపి ఊరుకున్నాను. తంబి మొదటిసారి స్టీరింగు పట్టుకున్న రోజు చూశాను. రెండు చేతులూ చక్రం మీద పడ్డాయి, వణుకు నిలిచిపోయింది. లైట్‌హౌసు నుంచి శాంథోం చర్చి శిఖరం దాటి అడయారు మొగ దాకా అతనే నడిపాడు. నేను వెనక కూర్చుని ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతని వీపు కాకుండా ఊరిని చూశాను. అతను ఇప్పుడు మా ఇంజనుకు చెవి కూడా. చప్పుడులో తేడా నాకంటే ముందు పసిగడతాడు.

ఒకసారి తిరువాన్మియూరు ఎదురుగా ఆ చప్పుడు మూలిగి ఆగిపోయింది. ప్రొపెల్లరుకు తెగిన నైలాన్ వల ముక్క చుట్టుకుంది. తంబి చెప్పించుకోకుండానే లంగరు వేశాడు. నేను ఇంజను పైకెత్తి కత్తితో కోస్తుంటే ఒక ఫైబర్ పడవ దగ్గరికి వచ్చింది. అందులో ఒకతను నా లైఫ్ జాకెట్టు మీద తెలుగు అక్షరాలు చూసి నవ్వాడు. “తెరసాపుంటే ఈ బాద నేకపోను గదా బాబూ!” సిక్కోలు మనిషి. కాశిమేడు పడవల్లో మనవాళ్ళు ఎందరో కూలికి పనిచేస్తున్నారని మీకు తెలిసే ఉంటుంది. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో రైళ్ళు, బస్సులు ఆగిపోతే, అలాంటివాళ్ళు కొందరు డబ్బులు పోగేసుకుని ఇక్కడ పడవ కొని, సముద్రం మీదే సొంతూళ్ళకు పోయారు. పత్రికల్లో వచ్చింది. ఆ సంగతి ఎత్తితే, “మా ఊరోళ్ళూ ఎల్లారు బాబూ. ఇంజనుండబట్టి ఎల్లారు. సాపతో ఐతే గాలి ఎదురొచ్చీది గదా” అన్నాడు. రెండు వాక్యాల్లో రెండు వైపులా మాట్లాడేశాడు. వల ముక్క అతనే తీసిచ్చాడు, డబ్బులిస్తే పుచ్చుకోలేదు, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర మాత్రం తీసుకున్నాడు.

తెరచాప మీద బెంగ లేదా అంటే ఉంది. చాప నిండిన క్షణంలో ఒక నిశ్శబ్దం ఉంటుంది, పడవ కింద నీళ్ళు గలగలమనడం తప్ప ఇంకేమీ వినిపించదు. అది మళ్ళీ రాదు. పడవగా చూస్తే ఇది దానికి సాటి రాదని నా అభిప్రాయం, తంబిదీ అదే. అయితే ఆ పడవలో మా ఆవిడ ఒక్కసారే ఎక్కింది, ఇందులో నెలకోసారి ఎక్కుతుంది. తంబి భార్య ఫ్లాస్కులో కాఫీ తెస్తుంది. మనవడు డాల్ఫిన్లు లెక్కపెడతాడు.

వచ్చే ఫిబ్రవరిలో, గాలులు తగ్గాక, పులికాట్ దాకా పోదామని అనుకుంటున్నాం. హార్బరు నుంచి ఉత్తరంగా సుమారు 20 నాటికల్ మైళ్ళు. ఎన్నూరు ముందు ఓడల రాకపోకలు చూసుకోవాలి, సరస్సు మొగలో ఇసుక మేటలు ఉంటాయి కనుక లోపలికి పోకుండా బయటే లంగరు వేస్తాం. ఆ సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్రదే. 36 లీటర్లు పెట్రోలు, పన్నెండు పోవడానికి, పన్నెండు రావడానికి, పన్నెండు ముట్టుకోకుండా. మందుల వేళలతో సహా లెక్కంతా తంబి ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. ఈమధ్య అతని అక్షరాలు బాగా చిన్నవైపోయాయి. చదవడానికి నాకు కళ్ళద్దాలతో పాటు భూతద్దం కూడా కావలసి వచ్చింది.